ఊరికో పేరు, దేశానికో బరువు: చైనా ‘జిన్’ కథ

1964లో చైనాలోని షియాన్ నగర శివార్లలో మట్టి కింద నుంచి ఒక కంచు గుండు బయటపడింది. గంట ఆకారం, ఎత్తడానికి పైన ఒక చెవి. తూస్తే 30.75 కిలోలు తూగింది. దాని ఒంటి మీద మూడు వేర్వేరు కాలాల రాతలున్నాయి. మొదటి రాత పోతపోసిన నాటిది. ఉత్తరాన ఉన్న గావ్‌నూ అనే ఊళ్లో ధాన్యం తూయడానికి చేయించిన గుండని, బరువు ఒక ‘షి’ అని అందులో ఉంది. రెండోది క్రీ.పూ. 221 నాటి రాజశాసనం. ఆరు రాజ్యాలను గెలిచి దేశాన్ని ఒక్కటి చేసిన చిన్ షి హువాంగ్ కొలతలన్నీ ఒకే తీరుగా ఉండాలని ఆజ్ఞాపించి, నలభై అక్షరాల ఆ ఆజ్ఞను కొలపాత్రల మీద, తూకపు గుండ్ల మీద చెక్కించాడు. మూడోది అతని తర్వాత గద్దెనెక్కిన కొడుకు శాసనం. అంటే ఈ గుండు ఊళ్లో ఉండి ధాన్యం తూచింది, సరిచూడడానికి రాజధానికి వెనక్కి వచ్చింది, వచ్చినప్పుడల్లా ఒంటి మీద కొత్త ముద్ర వేయించుకుంది.

షి అంటే 120 జిన్‌లు. 30.75 కిలోలను 120తో భాగిస్తే ఒక్కో జిన్ సుమారు 256 గ్రాములు. ఇవాళ షాంఘై కూరగాయల సంతలో జిన్ అంటే 500 గ్రాములు. తైపేలో 600. హాంకాంగ్ చట్టంలో 604.78982. రాసే అక్షరం మాత్రం రెండు వేల ఏళ్లుగా అదే, 斤. మొదట్లో అది గొడ్డలి బొమ్మ. ఆ అక్షరమూ దాని బరువూ కలిసి కొంత దూరం ప్రయాణించి, ఆ పైన ఎలా విడిపోయాయన్నదే ఈ కథ.

చిన్ పాలకులు తూకాన్ని ఎంత పట్టుదలగా కాపాడారో తెలియాలంటే ఇంకో తవ్వకం దగ్గరికి వెళ్లాలి. 1975లో హుబే రాష్ట్రంలో షుయ్‌హుడి అనేచోట ఒక చిన్న అధికారి సమాధి తెరిచారు. అస్థిపంజరం చుట్టూ వెయ్యికి పైగా వెదురు బద్దలు పేర్చి ఉన్నాయి, వాటిలో చాలా వాటి మీద ఆనాటి చట్టాలే. అందులో తూకపు గుండ్ల గురించి ఇలా ఉంది. ఒక షి గుండులో తేడా 16 ల్యాంగ్‌లు, అంతకు మించి ఉంటే బాధ్యుడైన అధికారి ఒక కవచం ఖరీదు జరిమానా కట్టాలి. ఎనిమిది నుంచి పదహారు లోపు ఉంటే ఒక డాలు ఖరీదు. జిన్ గుండులో మూడు జూల తేడా వచ్చినా డాలే. బంగారం తూచే గుండులో అయితే అర జూ తేడాకే ఆ జరిమానా.

లెక్క కట్టి చూడండి. జిన్‌కు 16 ల్యాంగ్‌లు, ల్యాంగ్‌కు 24 జూలు, మొత్తం 384 జూలు. అందులో మూడు జూలంటే నూటికి ఒక వంతు కూడా కాదు. షి గుండులో 16 ల్యాంగ్‌లు అన్నా 120 జిన్‌లలో ఒక జిన్ తేడా అన్నమాట. అదీ నూటికి ఒకటి లోపే. ఇరవై రెండు శతాబ్దాల కిందట, చేత్తో పోతపోసిన లోహపు గుండ్లకు పెట్టిన హద్దు ఇది. జరిమానా పడేది సంతలో బేరగాడికి కాదు, ప్రభుత్వ గుండును కాపాడాల్సిన అధికారికి. ఆ చట్టంలో నాకు అన్నిటికన్నా గౌరవం కలిగించిన సంగతి ఇదే.

ఈ మెట్లన్నీ ఒక వరుసలో చెబితే: 24 జూలు ఒక ల్యాంగ్, 16 ల్యాంగ్‌లు ఒక జిన్, 30 జిన్‌లు ఒక జ్యున్, 4 జ్యున్‌లు ఒక షి. 24, 16, 30, 4. ఏ రెండూ ఒకేలా లేవు. తర్వాత వచ్చిన హాన్ వంశం పండితులకు ఇది నచ్చలేదు, దీని వెనక ఒక విశ్వరహస్యం ఉండి తీరాలనుకున్నారు. ‘హాన్ చరిత్ర’ అనే గ్రంథంలో సంగీత స్వరాలకూ పంచాంగానికీ కేటాయించిన అధ్యాయం ఒకటుంది. అందులో తూకాన్ని పిల్లనగ్రోవి లాంటి ఒక గొట్టం నుంచి పుట్టించారు. మూలస్వరం పలికే ఆ గొట్టంలో 1200 వరిగ గింజలు పడతాయి, వాటి బరువు 12 జూలు, రెండు గొట్టాల గింజలు ఒక ల్యాంగ్. జిన్‌కు 384 జూలు ఎందుకయ్యా అంటే, ‘యి జింగ్’ అనే శకున గ్రంథంలో 64 బొమ్మలు, బొమ్మకు ఆరు గీతలు, మొత్తం 384. పదహారు ఎందుకంటే నాలుగు రుతువులు, నాలుగు దిక్కులు. ముప్పై ఎందుకంటే నెలకు ముప్పై రోజులు.

అందంగానే ఉంది. కానీ అంకెలు ముందు పుట్టాయి, కారణాలు తర్వాత అతికాయి. హాన్ పండితులు పుట్టకముందే చిన్ అధికారులు ఆ అంకెలతో జరిమానాలు వేస్తున్నారు. పదహారుకు అసలు కారణం త్రాసులోనే ఉందని నా నమ్మకం. రెండు పళ్లేల త్రాసుతో ఎవరైనా తేలిగ్గా చేయగలిగే పని, ఉన్నదాన్ని సరిగ్గా సగం చేయడం. సగం, అందులో సగం, మళ్లీ సగం, మళ్లీ సగం. నాలుగుసార్లు చేస్తే పదహారో వంతు వస్తుంది. దాని కోసం ఇంకే గుండూ అక్కర్లేదు. ఈ నాలుగు సగాలు మన పెద్దలకూ తెలుసు. అర, పాతిక, పరక, వీసం. వీసం అంటే పదహారో వంతు. జిన్‌లో ల్యాంగ్ ఎంతో, తెలుగు లెక్కలో వీసం అంతే.

ఇక బరువు పెరిగిన కథ. చిన్ కాలంలో పావు కిలో ఉన్న జిన్, హాన్ కాలమంతా దాదాపు అక్కడే ఉంది. ఆ తర్వాత దేశం ముక్కలై, ఉత్తరాన ఒక వంశం తర్వాత మరొకటి ఏలిన శతాబ్దాల్లో అది ఉబ్బిపోయింది. పన్ను ధాన్యం, బట్టల రూపంలో వసూలయ్యే రోజులవి. కొలపాత్ర పెద్దదైతే పన్ను రేటు పెంచకుండానే రాబడి పెరుగుతుంది. రైతు ఇచ్చేది కాగితం మీద అదే జిన్, గాదెలోకి వెళ్లేది ఎక్కువ. ఆరో శతాబ్దం చివర్లో స్వీ వంశం దేశాన్ని మళ్లీ కలిపేసరికి పాత జిన్‌లు మూడు కలిస్తే కొత్తది ఒకటి. ఆ వాపును వెనక్కి తగ్గించే సాహసం ఎవరూ చేయలేదు. తాంగ్ వంశం దాన్నే చట్టం చేసింది. అయితే ఒక మినహాయింపు పెట్టింది. మందులు తూయడానికి, పంచాంగ గణితానికి, క్రతువులకు మాత్రం పాత చిన్న కొలతే వాడాలి.

ఆ మినహాయింపు చాలా ఆలోచించి పెట్టింది. వైద్యగ్రంథంలో పాత వైద్యుడు రెండు ల్యాంగ్‌ల మూలిక అని రాసి ఉంటే, కొత్త ల్యాంగ్‌తో తూచిన కషాయం మూడింతలు అవుతుంది. ఆ కషాయం తాగే రోగి ప్రాణం మీదికి వస్తుంది. తూకం మారినప్పుడు పన్ను, వ్యాపారం సర్దుకుంటాయి. మందు సర్దుకోదు.

అదే తాంగ్ కాలంలో, 621లో, కైయువాన్ తోంగ్‌బావ్ అనే కొత్త నాణెం వేశారు. మధ్యలో చదరపు రంధ్రం ఉన్న గుండ్రని రాగి కాసు. అంతకుముందు ఏడు శతాబ్దాలకు పైగా చలామణీలో ఉన్న నాణెం పేరే ‘ఐదు జూలు’. అంటే నాణెం తన బరువు పేరుతోనే తిరిగేది. కొత్త నాణెం దాన్ని తిరగేసింది. పది కాసులు పెడితే సరిగ్గా ఒక ల్యాంగ్ తూగేలా వేశారు. దాంతో జనం చిన్న బరువులను కాసులతోనే చెప్పడం మొదలెట్టారు. 24 జూల పాత మెట్టు క్రమంగా వాడుకలోంచి తప్పుకుంది, ల్యాంగ్‌లో పదో వంతుకు ‘చ్యెన్’ అనే పేరు స్థిరపడింది. చ్యెన్ అంటే డబ్బు. జపాన్‌లో ఇదే బరువును మొమ్మె అన్నారు, ‘మోన్’ అనే కాసు ఎత్తు అని అర్థం. కొరియాలో దోన్ అన్నారు, అక్కడా ఆ మాటకు డబ్బు అనే అర్థం. మూడు దేశాల్లోనూ కాసే తూకపు రాయి అయింది.

జిన్ చైనా దాటి వెళ్లిన దారులు రెండు. ఒకటి అక్షరం దారి, ఇంకొకటి ఓడల దారి.

అక్షరం దారిలో వెళ్లిన దేశాలు కొరియా, జపాన్, వియత్నాం. వీళ్లు చైనా లిపి నేర్చుకున్నారు, చట్టాలు, కొలతలు దాంతోపాటే తీసుకున్నారు. 斤 అనే అక్షరాన్ని జపనీయులు ‘కిన్’ అని, కొరియన్లు ‘గున్’ అని, వియత్నామీయులు ‘కన్’ అని చదివారు. దక్షిణాన కాంటన్ ప్రజలు ‘గన్’ అంటారు. వీటిలో ఒక్కదానికీ ‘జ’ శబ్దం లేదు. ఎందుకంటే అక్షరం బయటికి వెళ్లిన కాలంలో చైనాలోనే దాన్ని ‘క’తో పలికేవారు. తర్వాత ఉత్తర చైనా నాలుక మీద ‘కి’ మెత్తబడి ‘జి’ అయింది. కాబట్టి తాంగ్ నాటి వర్తకుడు ఈ తూకం పేరును ఎలా పిలిచి ఉంటాడో వినాలంటే బీజింగ్‌కన్నా టోక్యోలో, హనోయ్‌లో అడగడం మేలు. బరువుకీ అంతే. జపాన్ కిన్ 160 మొమ్మెలు, 600 గ్రాములు. చైనా చివరి రాజవంశమైన చింగ్ కాలపు జిన్ కూడా 597 గ్రాములకు కాస్త అటూ ఇటూ.

జపాన్‌లో కిన్ ఇప్పటికీ బతికున్న చోటు బ్రెడ్డు దుకాణం. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లిష్ పౌనును వాళ్లు ‘ఇంగ్లిష్ కిన్’ అన్నారు, 120 మొమ్మెలుగా లెక్కవేశారు. పౌను బ్రెడ్డు అలా కిన్ బ్రెడ్డు అయింది. తర్వాత రొట్టె చిక్కుతూ వచ్చింది, పేరు చిక్కలేదు. ఇప్పుడు అక్కడి పరిశ్రమ నియమం ప్రకారం ఒక కిన్ బ్రెడ్డు 340 గ్రాములకు తగ్గకూడదు. కొరియా సంగతి ఇంకో రకం. మాంసం దుకాణంలో గున్ అంటే 600 గ్రాములు, పక్కనే కూరగాయల దగ్గర గున్ అంటే 400. ఒకే వీధిలో ఒకే మాటకు రెండు బరువులు, కొనేవాళ్లకు రెండూ తెలుసు.

ఓడల దారి వేరు. మలయా, జావా, సుమత్రా తీరాల్లో చైనా లిపి లేదు. అక్కడ తూకాల పేర్లు రేవుల్లో, అన్ని దేశాల వర్తకుల నోళ్లలో తయారయ్యాయి. తొమ్మిదో శతాబ్దం నాటి జావా శాసనాల్లోనే కటి, తహిల్, మాస అనే బరువులు కనిపిస్తాయి. అప్పటి జావా కటికి 20 తహిల్‌లు. తర్వాత చైనా వ్యాపారం ముదిరేకొద్దీ మలయా రేవుల్లో కటి చైనా జిన్‌తో, తహిల్ చైనా ల్యాంగ్‌తో ఒకటైపోయి 16 లెక్క స్థిరపడింది. పైన వంద కటిలు ఒక పికుల్. పికుల్ అంటే మలయ్ మాటల్లో భుజాన మోయడం. మనిషి కావడి కట్టి మోయగల బరువు. చైనాలో షి అనే పాత పెద్ద కొలత స్థానంలోకి వచ్చిన ‘దాన్’ అన్న మాటకూ అర్థం అదే. రెండు భాషలూ ఒకే భుజాన్ని చూసి పేరు పెట్టాయి. మూడు పికుల్‌లు ఒక బహారా.

ఈ మెట్లలో కొన్ని మనకు దగ్గరివి. బహారా సంస్కృతంలోని భారం. 20 మణుగుల బరువును మనవాళ్లు బారువ అన్నదీ దాన్నే. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం నుంచి అద్దకం బట్టల మూటలు జావాలోని బాంటెన్ రేవుకు, మసాలా దీవులకు వెళ్లేవి, వాటికి మారుగా మిరియాలు, లవంగాలు తూచి ఓడకెక్కించుకునేవారు. ఆ తూకం బహారాల్లోనే. మాస సంస్కృత మాషం, మినప గింజ. బంగారం తూయడానికి ఈ దేశంలో గింజలే తొలి గుండ్లు. ఇక తహిల్ మన తులం నుంచి వచ్చిందని నిఘంటుకారులు చాలామంది అంటారు. తుల అంటే త్రాసు.

1511లో పోర్చుగీసులు మలక్కాను పట్టుకున్నారు. అక్కడి సంతలో విన్న మాటలే వాళ్ల పుస్తకాల్లోకి ఎక్కాయి. 1554లో ఆంటోనియో నూనెజ్ తూర్పు రేవుల తూకాలు, కొలతలు, నాణేల మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. రేవు మారితే తూకం మారే ప్రపంచంలో వర్తకుడికి అది ప్రాణాధారమైన పుస్తకం. తహిల్ వాళ్ల నోట ‘తయెల్’ అయింది, ఇంగ్లిష్‌లో టేల్ అయింది. కటి ‘క్యాటీ’ అయింది. ఆ తర్వాత యూరోపియన్లు చైనా వెళ్లినప్పుడు అక్కడి జిన్‌ను జిన్ అనలేదు, మలయా రేవులో నేర్చుకున్న పేర్లే పెట్టి పిలిచారు. బర్మాలోనూ ఇదే జరిగింది. అక్కడివాళ్లు పెయిక్తా అనే బరువును ఇంగ్లిష్‌వాళ్లు ‘విస్’ అన్నారు. అది మన వీశె, కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన వర్తకుల మాట.

పేర్లు ఇలా ఒక సముద్రం నుంచి ఇంకో సముద్రానికి వెళ్లి ఎక్కడ తేలాయో చెబితే నమ్మడం కష్టం. 1878లో చైనా తన మొట్టమొదటి తపాలా బిళ్లలు వేసింది. మధ్యలో పెద్ద డ్రాగన్, ఒక పక్క చైనా అక్షరాలు, అడుగున రోమన్ లిపిలో విలువ. ఆ విలువ ‘క్యాండరిన్’లలో ఉంది. ల్యాంగ్‌లో నూరో వంతుకు మలయా రేవుల్లో వాడిన పేరు అది. 1890లో గ్వాంగ్‌డోంగ్ రాష్ట్రం వెండి డాలర్లు ముద్రించింది. వాటి అంచు చుట్టూ ‘7 మేస్, 2 క్యాండరీన్లు’ అని ఇంగ్లిష్‌లో చెక్కారు. మేస్ అంటే ఆ జావా మాసే, మన మాషమే. చైనా చక్రవర్తి పాలనాకాలం పేరు ఒక వైపు, మినప గింజ పేరు ఇంకో వైపు ఉన్న వెండి నాణెం అది. కాంటన్ సంతలో దాన్ని చేతిలోకి తీసుకున్నవాడు ఆ బరువును ‘ఏడు చ్యెన్, రెండు ఫెన్’ అని చదివాడు, పక్కనే నిలబడ్డ ఇంగ్లిష్ గుమస్తా మేస్, క్యాండరీన్ అని చదివాడు. బరువు ఇద్దరికీ ఒకటే.

క్యాటీ లండన్ ఇళ్లలోకీ చేరింది. కటి లెక్కన తూచి పంపే తేయాకు పెట్టెకు ఆ బరువు పేరే అంటుకుంది. పద్దెనిమిదో శతాబ్దం చివరికి తేయాకు దాచుకునే చిన్న తాళం పెట్టెను ఇంగ్లిష్‌వాళ్లు ‘టీ క్యాడీ’ అనడం మొదలెట్టారు.

అప్పటికి చైనాలో ఊరికో జిన్, వృత్తికో ల్యాంగ్. పట్టు తూచే జిన్ వేరు, నూనె తూచే జిన్ వేరు. వెండి ల్యాంగ్ అయితే రేవుకొక రకం. నల్లమందు యుద్ధాలతో చైనా మీద ఒప్పందాలు రుద్దిన బ్రిటన్‌కు సుంకం కట్టడానికి ఒకే లెక్క కావాలి. 1858 సుంకాల ఒప్పందంలో ఆ లెక్క రాసుకున్నారు. వంద క్యాటీల పికల్ 133⅓ పౌన్లు. అంటే క్యాటీ 1⅓ పౌను. ఇంగ్లిష్ పౌనుకూ 16 ఔన్సులే కాబట్టి టేల్ సరిగ్గా 1⅓ ఔన్సు. రెండు పదహార్లు కలవడం గుమస్తాలకు ఎంత సుళువైందో ఊహించవచ్చు. ఆనాడు సుంకాల కచేరీ బల్ల మీద తేల్చిన ఆ అంకే ఇవాళ్టికీ హాంకాంగ్ చట్టంలో 604.78982 గ్రాములై నిలిచింది. యుద్ధంలో ఓడిన దేశం చేత ఒప్పించిన అంకె ఐదు దశాంశ స్థానాలతో బతుకుతోంది. ఆ దశాంశాలను చూసి తూకంలో నిక్కచ్చితనం అనుకుంటే పొరపాటు. అది పౌను నీడ.

ఆ టేల్‌తోనే చైనా మెడకు ఉరి బిగిసింది. 1895లో జపాన్‌కు ఓడినందుకు 20 కోట్ల టేల్‌ల వెండి. 1901లో బాక్సర్ తిరుగుబాటు అణిచాక ఎనిమిది దేశాల సైన్యాలు, మరికొన్ని ప్రభుత్వాలు కలిసి విధించిన పరిహారం 45 కోట్ల టేల్‌లు. ఆనాటి జనాభా అంచనా ప్రకారం తలకు ఒకటి. వడ్డీతో కలిపి 39 ఏళ్లలో కట్టాలి. ల్యాంగ్ అనే మాట ఆ తరం చైనీయులకు వెండి రుచి కన్నా అప్పు చేదుగానే గుర్తుండి ఉంటుంది. 1933లో ప్రభుత్వం వెండి ల్యాంగ్‌ను డబ్బు లెక్కల్లోంచి తీసేసింది. 0.715 షాంఘై టేల్‌లకు ఒక యువాన్ అని మార్చుకుని ఆ అధ్యాయం మూసేశారు.

తూకంగా మాత్రం జిన్‌ను తీసేయలేదు. దాన్ని మళ్లీ కట్టారు. 1929లో నాంజింగ్ ప్రభుత్వం కొత్త కొలతల చట్టం చేసింది. మెట్రిక్ పద్ధతి చట్టబద్ధమైన ప్రమాణం. కానీ కోట్లాది జనం రాత్రికి రాత్రి కిలోలు, మీటర్లు మాట్లాడలేరు. వూ చెంగ్‌లువో, షూ షాన్‌శ్యాంగ్ అనే నిపుణులు ప్రతిపాదించిన దారి నాకు ఎంతో తెలివైనదనిపిస్తుంది. పాత పేర్లను ఉంచి, బరువులను మెట్రిక్‌కు దగ్గరగా జరిపారు. ఒక లీటరు ఒక షెంగ్, ఒక కిలో రెండు జిన్‌లు, ఒక మీటరు మూడు చీలు. ఒకటి, రెండు, మూడు. చదువురాని రైతు కూడా ఒకసారి వింటే మరచిపోడు. జిన్ 597 గ్రాముల నుంచి 500కు దిగింది. ఇంతకుముందు ప్రతిసారీ రాజుల గాదెల కోసం పెరిగిన జిన్, ఈసారి లెక్క తేలిక కావడం కోసం తగ్గింది. కిలోకు కూడా ‘గోంగ్ జిన్’ అని పేరు పెట్టారు, అందరికీ చెందిన జిన్ అని. కొత్త అతిథికి పాత ఇంటిపేరు ఇచ్చినట్టు.

పదహారు మాత్రం అప్పటికీ పోలేదు. కొత్త జిన్‌లోనూ ల్యాంగ్‌లు పదహారే. కొట్టు కుర్రాళ్లు నేర్చుకునే మొదటి పాఠం పదహారును దశాంశాల్లోకి మార్చే ఎక్కం. జిన్ ధర తెలిస్తే ల్యాంగ్ ధర ఎంత? ఒకటికి 0625, రెండుకు 125, మూడుకు 1875, ఇలా పదిహేను దాకా కంఠస్థం చేయాలి. ఈ ఎక్కాన్ని పదమూడో శతాబ్దంలోనే గణితవేత్త యాంగ్ హుయ్ తన రోజువారీ లెక్కల పుస్తకంలో చేర్చాడు. చైనా అబాకస్‌లో ప్రతి తీగ మీదా పైన రెండు పూసలు, కింద ఐదు. పై పూస విలువ ఐదు. ఒక తీగ మీద పదిహేను దాకా లెక్కపెట్టొచ్చు, పదహారుకు పక్క తీగకు దాటొచ్చు. జిన్, ల్యాంగ్‌ల లెక్కకు అది అతికినట్టు సరిపోయేది.

కర్ర త్రాసు మీద కూడా ఆ పదహారే. ఒకే పళ్లెం, ఒక జరిగే గుండు, ఎత్తిపట్టుకోవడానికి ఒక తాడు. గట్టి చేవకర్రను నున్నగా చెక్కి, గుర్తులు పెట్టిన చోటల్లా సన్నటి రంధ్రం వేసి, అందులో ఇత్తడి తీగ దూర్చి, తెంపి, ఆకురాయితో అరగదీస్తారు. నల్లటి కర్ర మీద పసుపు చుక్క మెరుస్తుంది. వాటిని నక్షత్రాలు అంటారు. ఉత్తరాన సప్తర్షుల చుక్కలు ఏడు, దక్షిణాన ఆరు, అదృష్టానికి, పదవికి, ఆయుష్షుకు ఒక్కోటి, మొత్తం పదహారు అని కర్ర త్రాసు చేసేవాళ్లు చెప్పేవారు. ఒక ల్యాంగ్ తక్కువ తూచినవాడికి అదృష్టం పోతుంది, రెండు తగ్గితే పదవి, మూడు తగ్గితే ఆయుష్షు. రాజు వేసే కవచం జరిమానా అందని చోటికి ఈ మాట అందింది.

1959 జూన్‌లో చైనా ప్రభుత్వం జిన్‌కు పది ల్యాంగ్‌లే అని ఆదేశించింది. మందుల తూకానికి మాత్రం పాత పద్ధతి ఉంచింది. చీటీ రాసేవాడికీ పొట్లం కట్టేవాడికీ మధ్య పొరపాటు జరిగితే ప్రాణం పోతుందని. పదమూడు వందల ఏళ్ల తర్వాత తాంగ్ వంశపు మినహాయింపే మళ్లీ వచ్చింది. సంప్రదాయ వైద్యులు 1979లో గాని గ్రాములకు మారలేదు.

మనమూ దాదాపు అదే సమయంలో పదహారుకు సెలవిచ్చాం. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయాపైసలు వచ్చి, పదహారణాలు వెళ్లిపోయాయి. కానీ పదహారణాల తెలుగమ్మాయి అనడం మానామా? చైనాలో ఇద్దరూ ఒకటే రకం అనడానికి ‘అర జిన్, ఎనిమిది ల్యాంగ్‌లు’ అంటారు. ఇప్పుడు అర జిన్ అంటే ఐదు ల్యాంగ్‌లే. ఆ నానుడిని ఎవరూ సవరించలేదు. వియత్నాంలో కిలోనే కన్ అంటున్నారు, లాంగ్ అంటే 100 గ్రాములు. అయినా ఇద్దరు సరిసమానం అనడానికి ‘వాడు ఎనిమిది లాంగ్‌లు, వీడు అర కన్’ అనే అంటారు. తులం బంగారం అని మనం అంటున్నదీ ఇంతే. అసలు తులం 11.66 గ్రాములు, ఇప్పుడు చాలా దుకాణాల్లో పది.

బంగారం దగ్గరే పాత తూకం గట్టిగా వేళ్లు దిగి ఉంది. వియత్నాంలో బంగారం ఇప్పటికీ 3.75 గ్రాముల ‘చీ’లలో, 37.5 గ్రాముల ‘లుఅంగ్’లలో కొంటారు. కంబోడియాలో చీ, దమ్లుంగ్. హాంకాంగ్ బంగారు మార్కెట్ ధర టేల్‌లలోనే పలుకుతుంది, ఆ టేల్ మళ్లీ వేరు, 37.429 గ్రాములు. జపాన్ పెంపకపు ముత్యాలను ప్రపంచమంతటా టోకున మొమ్మెల్లో అమ్ముతారు. జపాన్ ఐదు యెన్ల నాణెం బరువు సరిగ్గా ఒక మొమ్మె, 3.75 గ్రాములు. కొరియాలో బిడ్డ మొదటి పుట్టినరోజుకు ఒక దోన్ బంగారు ఉంగరం పెట్టడం ఆచారం. 2007లో అక్కడి ప్రభుత్వం దోన్ అనే మాటతో వ్యాపారం చేయకూడదని గట్టిగా పట్టుకుంది. నగల దుకాణాలు చట్టాన్ని పాటించి బోర్డుల మీద గ్రాములే రాయడం మొదలెట్టాయి. ఉంగరాలు మాత్రం నాలుగు గ్రాములకు పెరగలేదు, మూడున్నరకు తగ్గలేదు. బోర్డు మీద రాసిన అంకె 3.75.